బతికున్నవాడి దినం

ప్రొద్దుటూరు బట్టల బజారులో పెళ్ళికూతుళ్ళ జాకెట్లు కుట్టేవాళ్ళలో వనజమ్మ చెయ్యి మంచిదని షాపులవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది పెళ్ళికూతుళ్ళకే. మగ్గం పని చేసిన గుడ్డను షాపాయన సంచీలో పెట్టి వెనక సందులో ఉన్న ఆమె గదికి పంపిస్తాడు. కుట్టు పూర్తయ్యాక తన షాపులోనే జాకెట్టు మూలకు పసుపు అద్ది పిల్ల చేతికిస్తాడు. ఎవరు కుట్టారని అడిగితే మా టైలరు అంటాడు. బోడిచేతుల ఆడది కుట్టిన జాకెట్టు తొడుక్కుని పీటల మీద కూర్చుంటానని ఏ పిల్ల అంటుంది చెప్పండి. అన్నా వాళ్ళ నాయనమ్మ ఊరుకుంటుందా.

వనజమ్మ దీనికి ఎన్నడూ నొచ్చుకోలేదు. నొచ్చుకునే హక్కు తనకు లేదనుకునేది. ఎందుకంటే ఆమె మొగుడు నాగేంద్ర చావలేదు. కువైట్లో ఉన్నాడు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. పులివెందుల నుంచి ముద్దనూరు పోయే దారిలో వాళ్ళ ఊరు. బత్తాయిల చీనీతోట, బోరు, మిద్దె ఇల్లు, అత్త ఓబులమ్మ, బావ నారాయణ, మొగుడు నాగేంద్ర. వనజమ్మ కాపురానికి వచ్చి రెండేళ్ళయింది, పిల్లలు ఇంకా లేరు. ఆ వైపు తోటలకు మంద కట్టించడం అలవాటు. గొర్రెలను కొన్నాళ్ళు పొలంలోనే పడుకోబెడితే వాటి పెంట భూమికి బలం. మందల బాలన్న ఆ ఏడు నాగేంద్ర తోటలో కడతానని మాట ఇచ్చి, ఇంకొకడు ఆశ చూపిస్తే వాడి పొలానికి తోలుకుపోయాడు. ఇంత మాత్రానికా అంటారా. ఆ గడ్డ మీద ఇంత మాత్రానికే. నాగేంద్ర అడగడానికని పోయాడు. మాటా మాటా పెరిగింది. తోటలోంచి అటే పోయాడేమో, చేతిలో పార ఉంది. బాలన్న పులివెందుల ఆసుపత్రి గేటు దాటకముందే ప్రాణం వదిలాడు. నాగేంద్ర ఆ పూటే ఊళ్ళోంచి మాయమయ్యాడు.

కొన్నాళ్ళకు గండికోట లోయ కింద పెన్నలో ఒక శవం తేలింది. నీళ్ళలో నాని ముఖం గుర్తుపట్టేలా లేదు. ఊరు విడిచిన మనిషి కదా, చూసి చెప్పండని జమ్మలమడుగు ఆసుపత్రికి ఇంటివాళ్ళను పిలిపించారు. శవాల గది బయట వరండాలో ఓబులమ్మ కోడలిని పక్కకు లాక్కుపోయింది. నాగేంద్ర బెంగళూరులో చుట్టాల ఇంట్లో దాక్కున్నాడని అప్పటికే ఆమెకు తెలుసు. వనజమ్మకూ తెలుసు.

"వాడేనని తల ఊపు" అంది అత్త. "నువ్వు తల ఊపితే కేసు పోతాది. నా కొడుకు బతుకుతాడు. ముత్తైదువుగా ఉండి మొగున్ని ఉరికి పంపిస్తావా, ముండమోసి మొగున్ని బతికిచ్చుకుంటావా, నువ్వే చెప్పు."

ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఏం చెబుతుంది. లోపలికి పోయింది. గుడ్డ తీసి చూపించారు. ఆ మనిషి కుడిచేతి మీద పచ్చబొట్టు ఉంది, చర్మం ఉబ్బినా అక్షరాలు చెదరలేదు. కుళ్ళాయమ్మ అని. నాగేంద్రకు పచ్చబొట్టే లేదు. ఎస్సై ఆ పేరు చదివి ఇదెవరని అడిగాడు. మా అమ్మ పేరప్పా, పసితనంలో పొడిపించినాం అని ఓబులమ్మ తడుముకోకుండా చెప్పింది. వనజమ్మ తల ఊపింది. సంతకం పెట్టమంటే పెట్టింది.

దినం నాడు బావి దగ్గర గాజులు పగలగొట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, కోపిష్టి మొండోడని తిట్టినవాళ్ళే బంగారంలాంటి మనిషి అని ముక్కు చీదారు. అందరిలోకీ ఎక్కువ ఏడ్చింది వనజమ్మే. దొంగ ఏడుపు కాదు. మొగుడు యాడో బతికే ఉన్నాడు, తను మాత్రం ఇక్కడ నిజంగానే విధవ అయిపోయింది. ఏడవక ఏం చేస్తుంది.

ఆ రోజు ఎవరూ అనుకోని మనిషి వచ్చింది. బాలన్న భార్య బాలనాగమ్మ. అంతకుముందు వీధిలో మన్నెత్తి పోసి శాపాలు పెట్టిన మనిషి, వాకిట్లో చతికిలబడి వనజమ్మ బోడిచేతులు తన చేతుల్లోకి తీసుకుంది. "మావోడు పాయ, మీవోడు పాయ. దేవుడే తీర్చేసినాడు. నీతో నాకేం పగుంటాదమ్మా" అంది. ఆమె తరపు మగవాళ్ళు కత్తులు నూరుతున్నారని అప్పటిదాకా ఊరంతా గుసగుసగా ఉంది. చచ్చినోడితో పగేందిరా అని బాలనాగమ్మే వాళ్ళను ఆపింది. పోలీసులు కూడా ముద్దాయి చనిపోయాడని కేసు మూసేశారు.

అప్పటినుంచి ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడయ్యారు. ఊళ్ళో పెళ్ళిళ్ళలో వెనక వరసలో పక్కపక్కన కూర్చున్నది వాళ్ళే. ఓబులమ్మ పోయి, వనజమ్మ ప్రొద్దుటూరుకు మారి మిషను పెట్టుకున్నాక కూడా, బాలనాగమ్మ సంతకు వచ్చినప్పుడల్లా పెరుగు ముంత తెచ్చి ఆ గదిలోనే నడుం వాల్చేది. నాగేంద్ర దినానికి ఏటేటా వచ్చేది కూడా. వనజమ్మ ఆకు వేసి, అన్నం కూరలు వడ్డించి, పోయినవాళ్ళకు పెట్టినట్టు ఎడ పెట్టేది. పైకి నాగేంద్ర పేరు చెప్పేది. లోపల మాత్రం పెన్నలో దొరికిన ఆ ఊరూపేరూ లేని మనిషికే పెట్టేది. బతికున్నవాడికి ఎడ పెట్టడం తప్పు కదా. పైగా అతనికి పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు. ఆ తర్వాత ఆ అన్నమే ఇద్దరూ తినేవాళ్ళు. బాలనాగమ్మకు ముద్ద దిగేది. వనజమ్మకు ఒక్క ఏడు కూడా సరిగా దిగలేదు.

నాగేంద్ర వేరే పేరు మీద పాస్‌పోర్టు చేయించుకుని కువైట్ చేరాడు. అక్కడ అతని పేరు సుబ్బరాయుడు, ఊరు చిత్తూరు పక్క ఏదో పల్లె. ఫోన్లు అన్న నారాయణకు వచ్చేవి. ఏడాదికొకసారో రెండుసార్లో వనజమ్మకు ఇచ్చేవాడు. "ఇంగ రెండేండ్లు ఓర్చుకో వనజా, నిన్ను ఈడికే పిలిపిచ్చుకుంటా" అనేవాడు. ఆ రెండేళ్ళు పద్నాలుగేళ్ళుగా సాగుతూనే ఉన్నాయి. అయినా మనిషి చెడ్డవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పెదపుల్లయ్య తిరనాళ్ళలో పచ్చగాజులు కొని, జనంలో సిగ్గుపడకుండా తనే తొడిగినవాడు. ఆ చేతులే పార పట్టుకున్నాయి, ఏం చేస్తాం.

బయటపడిన తీరు కూడా విచిత్రమే. బాలనాగమ్మ తమ్ముడు నాగేష్ కువైట్లో డ్రైవరు. అక్కడ కడప జిల్లావాళ్ళందరూ ఒకచోట చేరి భోజనాలు పెట్టుకున్నప్పుడు, తన విస్తట్లో పప్పు వేస్తున్న మనిషిని తల ఎత్తి చూశాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏం మాట్లాడకుండా ఫోనులో వీడియో తీసి అక్కకు పంపాడు. బాలనాగమ్మ చదువుకోలేదు గానీ పులివెందుల స్టేషనుకు, కడప ఎస్పీ ఆఫీసుకు తిరిగి తిరిగి కేసు మళ్ళీ తెరిపించింది. కాగితాలు ఢిల్లీ పోయాయి, అక్కడినుంచి కువైట్ పోయాయి. ఆ తిరిగిన రెండేళ్ళూ ఆమె ప్రొద్దుటూరు సందు వైపు రాలేదు. ఎందుకు రాలేదో వనజమ్మకు అర్థమై, మిషను ముందు కూర్చుంటే కాళ్ళు ఆడేవి కావు.

చివరికి కువైట్ వాళ్ళు మనిషిని పట్టి అప్పగించారు. విమానం దిగీ దిగగానే అతను ఒకటే మాట పట్టుకున్నాడు. నేను సుబ్బరాయుణ్ణి, నాగేంద్ర ఎవడో నాకు తెలియదు, మీరు వెతికే మనిషి చచ్చి పద్నాలుగేళ్ళయింది.

కోర్టు నోటీసు వనజమ్మకు వచ్చింది. తెచ్చిన కానిస్టేబులు అమీర్ బాషా మంచివాడు, గడప బయటే నిలబడి చదివి చెప్పాడు. పులివెందుల కోర్టులో మనిషిని చూసి ఎవరో చెప్పాలి. "నిజం చెప్పడానికి భయమెందుకమ్మా" అని వెళ్ళిపోయాడు. అతనికేం తెలుసు పాపం.

మరుసటి రోజే నారాయణ వకీలును వెంటబెట్టుకుని వచ్చాడు. వనజమ్మ ఇద్దరికీ కుర్చీలు వేసి, తను మిషను స్టూలు మీద కూర్చుంది.

"చూడమ్మా" అన్నాడు వకీలు. "ఇది హత్య చేసినాడా లేదా అని తేల్చే రోజు గాదు. మనోళ్ళు అడిగిన మనిషి, కువైటోళ్ళు ఇచ్చిన మనిషి ఒగడేనా అని తేల్చే రోజు. తెల్లదొరలు పెట్టిపోయిన పద్ధతి ఇది. మనోళ్ళు చట్టాన్ని కొత్తగా రాసుకున్న్యారు గానీ లోపల ఎముకలు అవే. పరాయి సీమకు పారిపోయినోన్ని తెచ్చుకుంటే, వీడే వాడు అని ఒగ మనిషి చెయ్యి చూపించల్ల. ఆ చెయ్యి నీది."

"రక్తం పరీక్షలు ఉంటాయంట గదా" అంది వనజమ్మ.

"ఉంటాయి. దానికి నారాయణప్ప రక్తం ఇయ్యల్ల. ఇయ్యనంటాడు. ఇయ్యల్లా వద్దా అని కోర్టులు వాదించుకునేలోపల బెయిలు వస్తాది. బెయిలు వచ్చినాక..." వకీలు ఆగాడు. నారాయణ సందు వైపు చూస్తూ మీసం సవరించుకున్నాడు. బెయిలు వచ్చాక ఆ మనిషి ఇంకెవరికీ కనబడడని వనజమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

"అవునంటే?"

"అవునంటే నీకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. జమ్మలమడుగులో శవాన్ని చూసి సంతకం పెట్టింది నువ్వు. మొగుడు ముద్దాయి అయితే నువ్వు గూడా ముద్దాయివే. జైలు తప్పదు."

నారాయణ అప్పుడు నోరు తెరిచాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తాదమ్మా. వాడు నీ మొగుడే, కాదన్ల్యా. ఇన్నేండ్లు ఓర్చుకుంటివి, ఇంగొగ్గ పూట ఓర్చుకో. తెలీదు అను, అంతే. మా అమ్మ నిన్ను నమ్మే కన్నుమూసింది."

వాళ్ళు వెళ్ళాక వనజమ్మకు పుట్టినూరు రాజుపాలెంలో తన జేజి, అంటే నాయనమ్మ, చెప్పిన కథ గుర్తొచ్చింది. తెల్లవాళ్ళ కాలంలో ఈ వైపు ఎవడు ఎవణ్ణి నరికినా పొద్దుపొడిచేలోగా బనగానపల్లె నవాబు సీమలోకి దాటేవాడట. దాటితే దొరల పోలీసులు చెయ్యి వెయ్యడానికి లేదు, కాగితం రాసి అడగాలి. జేజి ముత్తాత తమ్ముడు అలాగే దాటాడట. దొరలు అడిగారు, నవాబు మనుషులు సరేనని ఊరి మగవాళ్ళను వరసగా నిలబెట్టారు, ఇందులో మీవాడు ఎవడో చూపించమన్నారు. ఇక్కడినుంచి పోయిన చుట్టాలు ఎవ్వరూ చెయ్యి ఎత్తలేదట. అందరూ ఉత్తచేతులతో తిరిగొచ్చారట. జేజి ఈ కథను ఎంతో గర్వంగా చెప్పేది, మన వంశంలో చెయ్యి చూపిన మనిషి లేడు అని ముగించేది. నరికినవాడి గురించే తప్ప నరికించుకున్నవాడి పేరు ఆ కథలో ఏనాడూ రాలేదని వనజమ్మకు ఇన్నేళ్ళకు తోచింది.

కోర్టు రేపనగా మధ్యాహ్నం పూట బాలనాగమ్మ వచ్చింది. చేతిలో పెరుగు ముంత లేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప మీద చెయ్యి పెట్టి నిలబడింది. రెండేళ్ళలో మనిషి సగమైంది.

"కూచో అక్కా" అంది వనజమ్మ.

"కూచ్చోడానికి రాలేదు. ఒగ్గటే మాట అడిగి పోతా." ఆమె గొంతులో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. "జమ్మలమడుగులో ఆ శవాన్ని చూసి నువ్వు ఏడిస్తివంట. ఊర్లో గాజులు పగలగొడ్తాంటే ఏడిస్తివి, నేను కండ్లారా చూసినా. అప్పుడు నీకు తెల్సా, మీవోడు కాదని?"

మీ అత్త నిన్ను మోసం చేసిందా అని అడిగి ఉంటే వనజమ్మ అవునని ఉండేదేమో. చచ్చినామెకు పోయేదేముంది. కానీ ఆమె అలా అడగలేదు.

"మావోళ్ళు పగ తీర్చుకుంటామంటే నేనే వద్దంటి" అంది బాలనాగమ్మ. "కేసు ఎందుకులే అంటే సరే అంటి. నీ ఇంట్లో కూచ్చోని, బతికినోని దినం అన్నం తింటి. నా మొగుని చంపినోని దినం. ఏండ్ల తరబడి తింటి. నువ్వే వడ్డిస్తివి." ఆగి ఊపిరి తీసుకుంది. "నీకు తెలీకపోతే ఒగ లెక్క. తెల్సింటే ఇంగొగ లెక్క. అదొగ్గటే నాకు కావల్ల. వాడు ఉరికి పోయినా, ఊర్లో తిరిగినా, నాకు అదొగ్గటే."

వనజమ్మ మిషను మీద ఉన్న జాకెట్టు గుడ్డను మడుస్తూ విప్పుతూ ఉండిపోయింది. చివరికి బాలనాగమ్మ చెప్పులు తొడుక్కుని సందులోకి దిగిపోయింది. పిలవాలని వనజమ్మ గడపదాకా వచ్చింది. ఏమని పిలుస్తుంది.

తెల్లారింది. కారు తీసుకుని వస్తానని నారాయణ చెప్పి పెట్టాడు. వనజమ్మ అంతకుముందే స్నానం చేసి పక్క సందులో ఉన్న రహమత్‌బీ ఇంటికి పోయింది. రహమత్‌బీ గాజుల బండి తోసుకుని బజారు తిరుగుతుంది. ఇంకా బండి కట్టలేదు, వాకిట్లో గాజుల మలారాలు సర్దుతోంది. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మంచిచెడ్డలు తెలుసు.

"పచ్చగాజులు కావల్ల" అంది వనజమ్మ.

"ఎవురికమ్మా? కొలతేంది?"

"నాకే."

రహమత్‌బీ చేతిలోని మలారం కింద పెట్టి ఆమె ముఖంలోకి చూసింది. విధవ చేతికి గాజు తొడిగితే బజారులో రేపటినుంచి ఎవరూ ఆమె దగ్గర కొనరు. కొత్త పెళ్ళికూతుళ్ళకు గాజులు తొడిగి బతికే మనిషి. వనజమ్మ నీళ్ళు నిండిన కళ్ళతో చేతులు చాచింది. రహమత్‌బీ వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి, చేతికి సబ్బునీళ్ళు రాసి, వేళ్ళు నొక్కి నొక్కి ఒక్కొక్కటే ఎక్కించింది. కష్టపడి పనిచేసిన చెయ్యి, కణుపులు ముదిరాయి. నొప్పి పుట్టింది.

"పగలకుండా చూస్కో బేటీ" అంది అయిపోయాక. డబ్బు తీసుకోలేదు.

కారులో నారాయణ ముందు కూర్చున్నాడు. వనజమ్మ వెనక సీట్లో కొంగు భుజాల నిండా కప్పుకుని, రెండు చేతులూ ఆ కొంగులోనే చుట్టుకుని కూర్చుంది. గాజులు ఎంత చెడ్డవంటే, మనిషి కదలకపోయినా రోడ్డు కదిపితే మోగుతాయి. ప్రతి గుంతకూ ఆమె చేతులను ఒడిలోకి నొక్కి పట్టింది. ముద్దనూరు దాటాక స్పీడ్ బ్రేకరు దగ్గర ఒక్కసారి గల్లుమంది. నారాయణ వెనక్కి తిరిగాడు.

"ఏందది?"

"కత్తెర, బావా. సంచీలో." సంచీ ఆమె కాళ్ళ దగ్గర ఉంది. అందులో కత్తెర లేదు.

అతను ముందుకు తిరిగి మళ్ళీ చెప్పాల్సిందే చెప్పాడు. తల ఎత్తి చూడు, బాగా చూడు, చూసి తెలీదు అను, అదరకుండా బెదరకుండా అను. ఆమె ఊఁ కొడుతూనే ఉంది. చీనీతోటలు వచ్చాయి. తన తోట కూడా వచ్చి పోయింది. అటు చూడకూడదనుకుని చూసింది.

పులివెందుల కోర్టు ఆవరణలో జనం బాగానే ఉన్నారు. బాలనాగమ్మ వాళ్ళు ఒక గుంపుగా వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. బాలనాగమ్మ ఇటు చూసి ముఖం తిప్పుకుంది. వకీలు గబగబా వచ్చి, పేరు పిలుస్తున్నారు రాండి అన్నాడు. నారాయణ ముందు నడిచాడు. మెట్ల దగ్గర వనజమ్మ వెనకపడింది. కొంగుముడి విప్పి, చిటికెడు కుంకుమ తీసి నుదుటన పెట్టుకుంది. అద్దం లేదు, వంకరగా పెట్టుకుందేమో తెలియదు. కొంగు భుజం మీదికి లాగేసి, చేతులు బయటికి వదిలి లోపలికి పోయింది.

అడుగు వేస్తే చాలు గాజులు మోగాయి. కోర్టు హాల్లో అందరూ తలలు తిప్పారు. నారాయణ చూశాడు. చెయ్యి చాచి ఆపబోయాడు గానీ అమీర్ బాషా అడ్డంగా నిలబడ్డాడు.

నాగేంద్ర ఇద్దరు పోలీసుల మధ్య నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. తల వంచుకుని ఉన్నవాడు గాజుల చప్పుడుకు తల ఎత్తాడు. ముందు ఆమె చేతులు చూశాడు, తర్వాత బొట్టు చూశాడు. ఏం జరుగుతోందో మనిషికి తట్టేలోపల అతని ముఖం ఒక్కసారి విప్పారింది. బయటి నుంచి ఇంటికి వచ్చిన మొగుడు వాకిట్లో పెళ్ళాన్ని చూసి నవ్వినట్టు నవ్వాడు. వెంటనే ఆ నవ్వు చచ్చిపోయింది. కానీ మేజిస్ట్రేటు మేడమ్ అప్పటికే చూసింది. చూసి కళ్ళద్దాలు సవరించుకుంది.

ఆ ఒక్క నవ్వు కోసం వనజమ్మ ఇన్నేళ్ళు ఎదురుచూసింది, తీరా అది ఇక్కడ దొరికింది. సాక్షి బోనెక్కి కర్రను పట్టుకుని నిలబడింది.

"ఈయన ఎవరో మీకు తెలుసా?" మేడమ్ అడిగింది.

"తెలుసు మేడమ్. నాగేంద్ర. నన్ను పెండ్లి చేసుకున్న మనిషి."

హాల్లో రొద పుట్టింది. బంట్రోతు నిశ్శబ్దం అని అరిచాడు. వకీలు లేచి ఏదో అనబోతే మేడమ్ చేతితో కూర్చోమంది. ముందున్న పాత కాగితాలు తిప్పింది.

"జమ్మలమడుగు ఆసుపత్రిలో శవాన్ని చూసి, ఇతనే చనిపోయాడని మీరు సంతకం పెట్టారు. శవం పాడైపోయి ఉందని డాక్టరు రాశారు. అప్పుడు మీరు పొరబడ్డారా?"

వకీలు ముఖం వెలిగింది. అవునను, అవునను అన్నట్టు బల్ల కింద నుంచి చెయ్యి ఊపాడు. నిజమే, ఎంత చక్కటి దారి. నీళ్ళలో నానిన ముఖం, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఏడుపులో కళ్ళు కనబడలేదు, పొరబడింది. ఎవరు కాదంటారు. ఒక్క అవునంటే ఈ సాయంత్రం ప్రొద్దుటూరు పోయి మిషను ముందు కూర్చోవచ్చు. కావాలంటే ఈ గాజులతోనే కూర్చోవచ్చు.

వనజమ్మ మేడమ్ వైపు చూడలేదు. వెనక బెంచీ వైపు తిరిగింది. అక్కడ బాలనాగమ్మ ముందుకు వంగి, రెండు చేతులతో ముందరి బెంచీ పట్టుకుని కూర్చుని ఉంది. నిన్న గడప దగ్గర నిలబడినట్టే ఉంది.

"పొరపాటు గాదు" అంది వనజమ్మ. "ఆ పొద్దే నాకు తెల్సు అక్కా. వాకిట్లో నువ్వు నా చేతులు పట్టుకున్నప్పుడు గూడా తెల్సు. నీకు అన్నం పెట్టినప్పుడల్లా తెల్సు."

"ఇటు చూసి మాట్లాడండి" అంది మేడమ్. కోపంగా అనలేదు. "మీరు చెబుతున్నది మీకే చుట్టుకుంటుంది. తెలిసే చెబుతున్నారా?"

"చుట్టుకోనీండి మేడమ్. నాదొగ మాట ఉండాది, అది గూడా రాసుకోండి." ఆమె మేడమ్ వైపు తిరిగింది. "మేము తగలబెట్టింది ఎవురినో నాకు తెలీదు. పెన్నలో దొరికినోడు. నా మొగుడని అందరినీ నమ్మిచ్చి వాన్ని బూడిద చేసినాము. ఆయప్ప కుడిచేతి మీద కుళ్ళాయమ్మ అని పచ్చబొట్టు ఉన్నింది. మా అత్త అమ్మ పేరని అబద్ధం చెప్పినాది. ఆ కుళ్ళాయమ్మ వాళ్ళమ్మో, పెండ్లామో. పెండ్లామే అయితే ఆ యమ్మ ఇప్పటికీ గాజులేసుకోని, బొట్టు పెట్టుకోని, యాడో వాకిట్లో ఎదురు చూస్తాంటాది. మొగుడున్న నేనేమో బోడిచేతులతో ఉంటి. ఆమెను యెతకండి మేడమ్. నన్ను పంపించే కాడికి తర్వాత పంపిచ్చండి."

పోలీసుల మధ్య నాగేంద్ర తల వంచుకున్నాడు, ఇక ఎత్తలేదు. వెనక బాలనాగమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, తిడుతోందో తెలియదు గానీ భుజాలు కదులుతున్నాయి.

"ఆ పేరు మళ్ళీ చెప్పండి" అంది మేడమ్.

"కుళ్ళాయమ్మ" అంది వనజమ్మ. టైపు చేసే అమ్మాయి ఆ పేరు టైపు చేసింది.